సీటు కావాలంటే ఏడ్చి చూపించాలా?



ఈ భాగాన్ని నా తప్పుతో మొదలుపెడుతున్నాను. తిట్టాలనుకున్నవాళ్లు ముందు నన్నే తిట్టండి. ఆ తర్వాత మిగతావాళ్ల సంగతి మాట్లాడుకుందాం.

పోయిన ఆదివారం పొద్దున పోచారంలో మేం ట్యూషన్ చెప్పే గదికి ఒక అక్క వచ్చింది. ఆమె బిడ్డ రెండేళ్లు మా దగ్గర చదువుకుంది. పదో తరగతి అయ్యాక పూర్తి స్కాలర్‌షిప్‌తో దూరంగా ఒక పెద్ద రెసిడెన్షియల్ స్కూల్లో సీటు తెచ్చుకుంది. ఆ రోజు మా గల్లీలో మిఠాయి పంచినం. ఆ పిల్ల పేరు రాయను. స్కూలు పేరూ రాయను. ఒక్క స్కూలును తిడితే తీరిపోయే సమస్య కాదిది.

అక్క ఫోన్ తీసి నా ముందు పెట్టింది. తెర మీద బిడ్డ ఫొటో. కింద ఇంగ్లీషులో మూడు లైన్లు. విరాళాలు ఇచ్చేవాళ్ల కోసం తయారుచేసిన పోస్టర్ అది. ఆ లైన్లు బిడ్డ దరఖాస్తుతో పాటు పంపిన వ్యాసంలోంచి తీసినవి. అక్కకు ఇంగ్లీషు రాదు. పోచారంలోని ఒక ఐటీ క్యాంపస్‌లో హౌస్ కీపింగ్ చేస్తుంది. అక్కడి సూపర్‌వైజర్ ఆ పోస్టర్ ఎక్కడో చూసి, అన్నాల టైములో అందరి ముందూ చదివి, తెలుగులో అర్థం చెప్పాడట. అమ్మ ఇతరుల మరుగుదొడ్లు కడుగుతుందని, ఆమె చేతుల ఫినాయిల్ వాసనలోనే తన చిన్నతనం గడిచిందని ఆ లైన్ల సారాంశం.

"నా బిడ్డనే రాసిందంట. నిజమేనా తమ్మీ?"

నిజమే అన్నాను.

"నేను బాత్రూంలు కడుగుత. దాంట్ల దాసేదేం లేదు. నాకు సిగ్గు లేదు. గానీ నేను గదొక్కటే జేస్తున్ననా? అమ్మ గురించి రాయమంటే నా బిడ్డకు గదొక్కటే యాదికొచ్చిందా?"

నాకు నోరు పెగల్లేదు. ఎందుకంటే ఆ ఫినాయిల్ వాక్యం ఆ పిల్లది కాదు. నాది. నేనే రాయించాను.

ఏం జరిగిందో వరసగా చెప్తాను.

ఆ దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. మీ జీవితంలో ఎదురైన కష్టం గురించి, అది మిమ్మల్ని ఎలా మలిచిందో దాని గురించి 500 పదాల్లో రాయండి అని. పిల్ల వారం రోజులు కూర్చుని ఒక వ్యాసం రాసుకొచ్చింది. అది బస్సుల గురించి.

ఆమె ఉప్పల్ వైపు సర్కారు బడిలో చదివేది. సాయంత్రం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఘట్‌కేసర్ బస్సు ఎక్కి పోచారం రావాలి. వరంగల్ రోడ్డు సంగతి మీకు తెలుసు. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పని ఏళ్ల తరబడి పిల్లర్ల దగ్గరే ఆగిపోయి, కింద రోడ్డు గుంతలమయమైంది. ఈ పిల్ల బస్టాపులో నిలబడి ఊరికే ఉండలేక, ఏ బస్సు ఎన్ని గంటలకు వచ్చిందో ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టింది. కొన్ని నెలలు రాసింది. రాస్తూ రాస్తూ ఒకటి గమనించింది. బస్సులు సమానమైన ఎడంతో రావు. చాలాసేపు ఒక్కటీ రాదు, ఆ తర్వాత రెండు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ముందుది కిక్కిరిసి ఉంటుంది, వెనుకది ఖాళీగా ఉంటుంది.

ఎందుకట్లా అని తనకు తానే ఆలోచించుకుంది. ముందు బస్సు కొంచెం ఆలస్యమైతే స్టాపులో జనం పెరుగుతారు. జనం పెరిగితే ఎక్కడానికి టైము పడుతుంది. దాంతో బస్సు ఇంకా ఆలస్యమవుతుంది. వెనుక బస్సుకు జనం మిగలరు కాబట్టి అది తొందరగా వచ్చేస్తుంది. చివరికి రెండూ కలుస్తాయి. అంటే డ్రైవర్ తప్పు లేకుండానే, రోడ్డు మీద ఒక చిన్న ఆలస్యం పెద్దదవుతూ పోతుంది. ఇదీ ఆమె రాసింది.

న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు గణిత పండితులు 1964లో ఇదే విషయం మీద పేపర్ రాశారు. రవాణా ఇంజనీర్లు ఇప్పటికీ దీని మీద పని చేస్తున్నారు. ఆ సంగతి ఈ పిల్లకు తెలియదు. అప్పటికి నాకూ తెలియదు. పోచారం బస్టాపులో నిలబడి పదిహేనేళ్ల దళిత పిల్ల తన బుర్రతో అక్కడికి చేరుకుంది.

నేనేం చేశాను? వ్యాసం చదివి, "మంచిగుంది రా, కానీ దీంట్ల నీ స్టోరీ ఏది?" అన్నాను.

"ఇదే కదన్నా నా స్టోరీ" అంది.

నేను నవ్వాను. అంతకు కొద్ది రోజుల ముందే ఇలాంటి దరఖాస్తులు నింపించే వాలంటీర్ల శిక్షణకు వెళ్లొచ్చాను. మనసుకు తాకేలా ఉండాలి, మొదటి వాక్యంలోనే చదివేవాళ్లను పట్టేయాలి, ఇంటి పరిస్థితి కనబడాలి అని అక్కడ చెప్పారు. ఆ పాఠం ఈ పిల్ల మీద ప్రయోగించాను. మీ అమ్మ పని గురించి రాయి అన్నాను. రాసింది. ఇంకొంచెం లోపలికి పోవాలి అన్నాను. వాసన గురించి నేనే అందించాను. బస్సుల నోటుబుక్కు వ్యాసంలోంచి పూర్తిగా ఎగిరిపోయింది. సీటు వచ్చింది.

సీటు వచ్చింది కాబట్టే ఇది రాయడం కష్టంగా ఉంది. రాకపోయుంటే తిట్టి ఊరుకునేవాడిని. వచ్చింది అంటే నేను నేర్పిన పద్ధతి పనిచేసింది అన్నమాట. పనిచేసింది కాబట్టి ఈ ఏడాది ఇంకో ఐదుగురు పిల్లలు నా ముందు కూర్చుని, అన్నా మాకు కూడా అట్లాంటిది రాయించు అంటున్నారు.

ఇప్పుడు అక్క ప్రశ్న దగ్గరికి వస్తాను. ఆమె ఇంకేం చేస్తుంది? కాంట్రాక్టర్ మారినప్పుడు పాత కాంట్రాక్టర్ కట్టాల్సిన పీఎఫ్ జమ కాలేదని తెలిసి, తనతో పనిచేసే ఆడవాళ్లందరి చీటీలు ఒక్కచోట చేర్చి, ఎవరికెంత రావాలో లెక్క కట్టించి, ఆఫీసు చుట్టూ తిరిగి డబ్బు తెప్పించింది. మా బస్తీ పొదుపు సంఘం పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది. చదువు ఐదో తరగతే అయినా అప్పు, వడ్డీ, కిస్తీ నోటి లెక్కతో చెప్పేస్తుంది. బిడ్డకు నోటుబుక్కులో లెక్క రాసుకునే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైందా? నేను రాయించిన వ్యాసంలో ఈ మనిషి లేదు. రెండు చేతులూ ఒక వాసనా ఉన్నాయి.

మన పిల్లల చేత ఇలా రాయించేవాళ్లలో శత్రువులు తక్కువ. మన మంచి కోరేవాళ్లే ఎక్కువ. నాలాంటివాళ్లు. అందుకే ఇది మనం మాట్లాడుకోవాల్సిన విషయం.

ఇప్పుడు అదే ప్రశ్నకు రోడ్డు అవతలి పిల్లలు ఏం రాస్తారో చూడండి. గేటెడ్ కమ్యూనిటీ పిల్లలకు ఇలాంటి దరఖాస్తుల కోసం డబ్బు తీసుకునే కౌన్సెలర్లు ఉంటారు. ఆ పిల్లలకు కష్టం రాయమంటే కష్టం దొరకదు కాబట్టి దాన్ని వెతుక్కుంటూ మన దగ్గరికి వస్తారు. ఎండాకాలం సెలవుల్లో మా బస్తీకి అలాంటి పిల్లలు వచ్చారు. రంగు పెన్సిళ్లు పంచారు, ఫొటోలు దిగారు, నాలుగో రోజు కనబడలేదు. వాళ్ల వ్యాసాల్లో మా బస్తీ ఉండే ఉంటుంది. వాళ్లకు అది నాయకత్వ అనుభవం. అదే బస్తీలో పుట్టిన పిల్లకు అది విషాద గాథ. ఒకే గల్లీ, ఒకే మోరీ. చూసొచ్చినవాడు లీడర్. బతుకుతున్నది బాధితురాలు.

వాడు వయొలిన్ గురించి రాయొచ్చు. రోబో గురించి రాయొచ్చు. నక్షత్రాల గురించి రాయొచ్చు. మన పిల్ల బస్సుల గురించి రాస్తే మాత్రం "నీ స్టోరీ ఏది?" అని అడుగుతారు. ఆలోచన వాడి సొత్తు, ఆకలి మన సొత్తు. ఈ పంపకం ఎవరు చేశారు? మనువు చేసిన పంపకానికీ దీనికీ తేడా ఏంటి?

కొందరు మిత్రులు అంటారు: మార్కుల కంటే ఇది నయం కదా, మనిషిని మొత్తంగా చూస్తున్నారు కదా అని. ఈ మనిషిని మొత్తంగా చూడటం అనే మాట ఎక్కడ పుట్టిందో కొంచెం చరిత్ర చూద్దాం.

1920ల మొదట్లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో యూదు విద్యార్థుల సంఖ్య ఐదో వంతు దాటింది. చాలామంది వలస కుటుంబాల పిల్లలు, పరీక్షలు బాగా రాసి వచ్చినవాళ్లు. అధ్యక్షుడు లోవెల్‌కు ఇది నచ్చలేదు. 1922లో కోటా పెట్టి తగ్గించాలని చూశాడు. బహిరంగంగా అది కుదరలేదు. అప్పుడు వేరే దారి పట్టారు. దరఖాస్తులో జాతి, మతం, తల్లి పుట్టింటి పేరు అడిగారు. పుట్టిన తర్వాత మీ పేరు గానీ మీ తండ్రి పేరు గానీ మార్చుకున్నారా అని కూడా అడిగారు. తర్వాత్తర్వాత ఫొటో, సిఫార్సు, ఇంటర్వ్యూ, అన్నిటికీ మించి 'క్యారెక్టర్' అనే కొలత వచ్చాయి. మార్కులు లెక్కపెట్టొచ్చు, క్యారెక్టర్ లెక్కపెట్టలేం. ఎవరికి ఉందో, ఎవరికి లేదో చూసేవాడే చెప్పాలి. జెరోమ్ కారబెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 2005లో ఈ చరిత్ర మీద పెద్ద పుస్తకమే రాశాడు.

ఆ పేరు మార్పు ప్రశ్న చదివినప్పుడు మీకేం గుర్తొచ్చింది? నాకు మన దగ్గర వినబడే ప్రశ్న గుర్తొచ్చింది. "పేరు సరే బాబూ, ఇంటిపేరేంటి?"

మన దేశంలో దీని తమ్ముడు వైవా. ముఖం చూసి, మాట విని, వ్యక్తిత్వానికి వేసే మార్కులు. 2016లో జేఎన్‌యూలో అబ్దుల్ నఫే కమిటీ రాతపరీక్ష మార్కులనూ వైవా మార్కులనూ పక్కపక్కన పెట్టి చూసింది. వైవాలో వివక్ష కనబడుతోందని, దాని మార్కులు 30 నుంచి 15కు తగ్గించాలని సిఫార్సు చేసింది. అదే ఏడాది మే నెలలో యూజీసీ తెచ్చిన నిబంధనలు దీనికి ఉల్టా. ఎంఫిల్, పీహెచ్‌డీ ప్రవేశాల్లో రాతపరీక్ష కేవలం అర్హత కోసమే, ఎంపిక ఇంటర్వ్యూ మీద అన్నాయి. విద్యార్థులు ఎందుకు రోడ్డెక్కారో ఈ పోస్ట్ చదివే చాలామందికి తెలుసు. మీలో కొందరు ఆ ధర్నాల్లో కూర్చున్నారు కూడా. ఈ పర్సనల్ ఎస్సే ఆ వైవాకే కాగితం రూపం. ముఖం చూపించే బదులు గాయం చూపించాలి.

అయితే మన దగ్గర ఇంకో సంప్రదాయం కూడా ఉంది. దాన్ని మరిచిపోవద్దు.

భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాద్ ఇసామియా బజార్‌లో మన పిల్లల కోసం బడి పెట్టాడు. ఆ బడికి రావడానికి అంటరాని పిల్ల కావడమే చాలు, తన అంటరానితనాన్ని వర్ణించి మెప్పించనక్కర్లేదు. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి ప్రభుత్వ గురుకులం వచ్చింది. ఆ తర్వాత ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారుల తపనతో సాంఘిక సంక్షేమ గురుకులాలు పెరిగాయి, 1987లో వాటికి ప్రత్యేక సొసైటీ వచ్చింది. ఈరోజు తెలంగాణలో ఐదో తరగతి గురుకుల సీటుకు ఏం కావాలి? 100 మార్కుల పరీక్ష, కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్. ఊళ్లో అయితే ఏడాదికి 1,50,000, పట్నంలో అయితే 2,00,000 లోపు ఆదాయం. అంతే. తహసీల్దార్ ఆఫీసులో మన నాయన నిలబడి కాగితం తెస్తాడు. ఆ కాగితం మీద ఎవరి కన్నీళ్లూ ఉండవు. కులం అక్కడ ఒక హక్కుకు ఆధారం. ఎస్సేలో అదే కులం ఒక అర్జీకి అలంకారం.

ఇంకో ఉదాహరణ మనకు దగ్గరలోనిది. ఉప్పల్ పక్కన రామంతాపూర్‌లో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ ఉంది. ఆ స్కూలు మూలం బేగంపేటలో ఉంది. 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం జాగీర్దార్ కాలేజీగా మొదలైంది. జాగీర్దారు కొడుకును ఎవరైనా "నీ జీవితంలో ఎదురైన కష్టం రాయి" అని అడిగి ఉంటారా? పుట్టుకే వాడి అర్హత. ఇప్పుడు అక్కడ ఒకటో తరగతిలో ఎస్సీ పిల్లలకు ప్రభుత్వం ఇప్పించే కొన్ని సీట్లకు లాటరీ తీస్తారు. లాటరీ మీద నాకు వెయ్యి అభ్యంతరాలున్నాయి. అందరికీ సీటు ఇవ్వలేని ప్రభుత్వం చీటీలు తీస్తోంది. కానీ ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. చీటీ ఎవరినీ ఏడవమనదు.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. పరీక్ష దేవుడేం కాదు. పదేళ్ల పిల్లను బిట్లతో కొలవడం ఘోరం. గురుకులం సీటు కోసం కూడా ఇప్పుడు కోచింగ్ నడుస్తోంది. నవోదయలో 80 ప్రశ్నలుంటాయి, వాటిలో ఏ ప్రశ్నా మా పిల్ల బస్సుల నోటుబుక్కును పట్టుకోలేదు. ఆ నోటుబుక్కును చూడగలిగింది ఒక్క వ్యాసమే. అందుకే వ్యాసం అడగొద్దు అని నేను అనడం లేదు. నీ ఆలోచన చూపించు అని అడిగే కాగితాన్ని, నీ గాయం చూపించు అని అడిగే కాగితంగా మార్చారు. నా గొడవ దానితో. అడిగినవాళ్లు సగం మార్చారు, నాలాంటివాళ్లు మిగతా సగం మార్చారు.

ఇక్కడ మీరొక ప్రశ్న వేస్తారు. "అన్నా, మన కథ మనం చెప్పుకోవద్దా? దళిత సాహిత్యం మొత్తం అదే కదా?"

వేయాల్సిన ప్రశ్నే. బాబాసాహెబ్ కూడా తన కథ రాశారు. 1935–36 ప్రాంతంలో రాసిన ఆ చిన్న పుస్తకానికి వీసా కోసం ఎదురుచూపు అని అర్థం వచ్చే పేరుంది. 1901లో తండ్రి దగ్గరికి బయలుదేరిన పిల్లలు మసూర్ స్టేషన్‌లో దిగారు. మహర్లని తెలియగానే స్టేషన్ మాస్టర్ దూరం జరిగాడు, బండివాళ్లు ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటూ పోయారు. దగ్గర అన్నం ఉండి కూడా తాగడానికి నీళ్లు దొరక్క ఆ రాత్రి తినకుండా పడుకున్నారు. ఇంతకంటే కరిగించే కథ ఏ దరఖాస్తులో ఉంటుంది?

కానీ ఆయన ఆ కథతో ఎవరినీ ఏమీ అడగలేదు. అప్పటికే ఆయన కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చారు. అంటరానితనం అంటే ఏంటో అర్థంకాని విదేశీయులకు అది ఎలా పనిచేస్తుందో వివరించడానికి రాశారు. తన అనుభవాలతో ఆగలేదు, ఇతరులకు జరిగినవి కూడా చేర్చారు. చదివిన తర్వాత మనకు ఆయన మీద జాలి కలగదు. ఆ స్టేషన్ మాస్టర్ మీద, ఆ బండివాళ్ల మీద, వాళ్లను అలా తయారుచేసిన ధర్మం మీద కోపం వస్తుంది. ముద్దాయి ఎవరో అందులో స్పష్టంగా ఉంటుంది. 

మన దగ్గరి పుస్తకాలే చూడండి. వై.బి. సత్యనారాయణ తన తండ్రి బాలయ్య గురించి 2011లో ఇంగ్లీషులో రాశారు. రైల్వేలో పనిచేసిన మాదిగ కుటుంబం, మూడు తరాల కథ. అందులో తండ్రి పట్టుదల ఉంది, ఎత్తుగడ ఉంది, పిల్లల చదువు కోసం వేసిన లెక్కలున్నాయి. ఎండ్లూరి సుధాకర్ 'మల్లెమొగ్గల గొడుగు' కథల్లో మాదిగవాడ నవ్వు కూడా ఉంది. ఇవన్నీ ఎవరికి ఎంత చెప్పాలో రాసినవాళ్లు తామే నిర్ణయించుకుని రాసినవి. పదిహేనేళ్ల పిల్ల, గడువు తేదీ లోపల, తనకు తెలియని కమిటీ కోసం, సీటు పోతుందేమో అన్న భయంతో రాసే దాన్ని దీనితో ఎట్లా పోలుస్తాం? ఒకటి సాక్ష్యం. రెండోది వాంగ్మూలం, అది కూడా ఫిర్యాదుదారు చేతే నేరస్తుడి పేరు లేకుండా ఇప్పించిన వాంగ్మూలం. మా పిల్ల వ్యాసం మళ్లీ చదివాను. తల్లి జీతం ఎందుకు తక్కువో అందులో లేదు. కాంట్రాక్టు పని ఎందుకు పర్మనెంట్ కాదో లేదు. మరుగుదొడ్లు కడిగే పని మన ఆడవాళ్ల మీదే ఎందుకు పడుతుందో లేదు. ఉన్నదల్లా వాసన.

ఈ వ్యవహారం మన దేశంలోనే ఉందని అనుకోకండి. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకునే పద్ధతిని కొట్టేసింది. అయితే జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో విద్యార్థి వ్యాసంలో రాస్తే దాన్ని చూడొచ్చని తీర్పులోనే చెప్పింది. దీని అర్థం ఏంటో ఆలోచించండి. ఒక సమూహానికి హక్కుగా ఉన్నదాన్ని తీసేసి, ఒక్కొక్క పిల్లనూ విడివిడిగా వచ్చి తన బాధ నిరూపించుకోమన్నారు. రేపు మన దగ్గర రిజర్వేషన్ తీసేయాలనుకునేవాడు కూడా ఇదే మాట అంటాడు. "కులం వద్దమ్మా, నీ కష్టం చెప్పు, చూద్దాం." ఆ రోజు కోసం మన పిల్లలకు ఇప్పటినుంచే మనమే తర్ఫీదు ఇస్తున్నామా? నా భయం ఇదే.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. 2016 జనవరి 17 తర్వాత రోహిత్ వేముల రాసిన ఆఖరి ఉత్తరాన్ని దేశమంతా చదివింది. బతికున్నప్పుడు అతను సైన్స్ రచయిత కావాలనుకున్నాడు. ఆ సైన్స్ రాతల కోసం ఎవరు ఎదురుచూశారు? దళిత విద్యార్థి తన గురించి రాసిన కాగితాల్లో ఈ దేశం శ్రద్ధగా చదివినది అదొక్కటే. మన పిల్లలు నక్షత్రాల గురించి రాసినప్పుడు కూడా చదివే లోకం కావాలని కదా మనం కొట్లాడుతున్నది. మరి బస్సుల గురించి రాసిన పిల్లను నేనెందుకు ఆపాను?

సరే, ఏం చేద్దాం?

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, దరఖాస్తు పెట్టండి. పెట్టొద్దని చెప్పే హక్కు నాకు లేదు. పుణె దగ్గరి మహీంద్రా యునైటెడ్ వరల్డ్ కాలేజీ లాంటి చోట్లకు, అమెరికా పంపే ఎక్స్‌చేంజ్ కార్యక్రమాలకు మన గురించి రాసే పంపాలి. మన గురుకులాల పిల్లలు అలా అమెరికా పోయి చదివొచ్చారు కూడా. సీట్లు మనవి, తీసుకోవాలి. రాసేటప్పుడు మాత్రం కొన్ని గుర్తుపెట్టుకోండి.

మీ బుర్రలో తిరిగేది రాయండి. బస్సు గానీ, బోరు మోటరు గానీ, డప్పు దరువులో లెక్క గానీ. అదే మీ స్టోరీ. ఎవరైనా కాదంటే, కాదన్నది నేనైనా సరే, వినకండి.

కులం గురించి రాయాలనిపిస్తే రాయండి. దాచొద్దు. కానీ దాన్ని మీ జబ్బులా రాయకండి, వాళ్ల నేరంలా రాయండి. ఎవరు చేశారు, ఎందుకు చేయగలిగారు, మీరేం చేశారు అని రాయండి.

అమ్మ గురించి, నాయన గురించి రాస్తే వాళ్లకు చదివి వినిపించండి. తెలుగులో చెప్పండి. వాళ్లు తలొంచుకుంటే ఆ వాక్యం కొట్టేయండి. వాళ్ల ముందు చదవలేని వాక్యాన్ని తెలియని కమిటీకి పంపొద్దు.

నాలాంటి వాలంటీర్లకు ఒకటే మాట. పిల్ల వ్యాసంలో మన వాక్యం ఒక్కటీ ఉండొద్దు. అక్షర దోషాలు దిద్దు, ఆగు.

స్కూళ్లకూ, ట్రస్టులకూ చెప్పాల్సింది ఇంకా ఉంది. ఎస్సీ, ఎస్టీ పిల్లల సీట్లు ఎన్నో ముందే ప్రకటించండి, సర్టిఫికెట్ చూసి ఇవ్వండి. వ్యాసం అడిగితే తెలుగులో రాయనివ్వండి. వ్యాసానికి మార్కులు ఎలా వేస్తారో బయటపెట్టండి. దరఖాస్తులో రాసింది దరఖాస్తుకే, విరాళాల పోస్టర్‌కు వాడొద్దు. కష్టం గురించే అడగాలనుంటే అందరినీ సమానంగా అడగండి. ఉన్నింటి పిల్లలకు కూడా ఒక ప్రశ్న పెట్టండి: మీరు ఏ కష్టం పడకుండా మీకు దక్కినవేంటి, అవి ఎవరి కష్టం? 500 పదాల్లో రాయండి. ఆ వ్యాసాలు చదవాలని నాకు చాలా కోరికగా ఉంది.

ఆదివారం అక్క వెళ్లిపోలేదు. "ఆ ఫొటో తీసేయమని రాయి తమ్మీ, నేను చెప్త" అంది. కాగితం తీసుకున్నాను. ఆమె చెప్తుంటే తెలుగులో రాశాను. నా బిడ్డ ఫొటో, నా పని మీ డబ్బుల డబ్బా మీద పెట్టొద్దు అంది. నేను ఫలానా పని చేస్తాను, ఇన్నేళ్లుగా చేస్తున్నాను, పీఎఫ్ కోసం ఇట్లా కొట్లాడినం, సంఘంలో ఇన్ని వేలు తిప్పుతున్నం, నా బిడ్డ లెక్కల్లో మొదటినుంచీ ముందుంది, అందుకే మీ బడికి పంపినం అంది. మధ్యలో నేనొక మాట అందంగా మార్చబోతే, "నేను చెప్పింది రాయి" అంది. రాశాను. కింద సంతకం పెట్టింది. జవాబు ఇంకా రాలేదు.

ఆ రాత్రి పిల్లకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆ వాక్యం నాదని అమ్మకు చెప్పాను, నువ్వు బాధపడకు అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, నా బస్సుల నోటుబుక్కు మన గదిల్నే ఉందా?" అని అడిగింది. 

ఉంది. అలమారా పై అరలో, పాత గైడ్ల కింద. రేపు పోస్టులో పంపుతున్నాను.

ఈ ఏడాది ఐదుగురు పిల్లల దరఖాస్తులు ఉన్నాయని చెప్పాను కదా. వాళ్లలో ఒకడు నాచారం పారిశ్రామిక వాడలో లేత్ మిషన్ మీద పనిచేసే కార్మికుడి కొడుకు. నిన్న వచ్చి, "అన్నా, మా నాయన వేలు తెగిన సంగతి రాయాల్నా?" అని అడిగాడు.

"నీకేం రాయాలనుంది?" అని అడిగాను.

ఆలోచించుకొని చెప్తానని పోయాడు. నేను ఎదురుచూస్తున్నాను.

జై భీమ్.